మొగులయ్య పెన్‌డ్రైవ్

లాల్‌దర్వాజాలో పురుషోత్తం చెయ్యి పడితే చచ్చిన కంప్యూటర్ లేచి కూర్చుంటుందని పేరు. ఆ పేరు పుట్టించింది పురుషోత్తమే. వరదకు మూసీలో కొట్టుకుపోయిన కంప్యూటర్‌ను తీసి ఆరబెడితే లోపలి నుంచి రెండు కప్పలు దూకాయనీ, మూడోది లోపలే కూర్చుని లెక్కలు చేసిందనీ అతనే చెబుతాడు.

అంతటి మనిషికి బోనాల ఆదివారం పట్టపగలే చుక్కలు కనబడ్డాయి.

వెనకింటి రాజమణి కూతురు కీర్తిప్రియ లాప్‌టాప్ ఆ పొద్దున్నే ప్రాణం విడిచింది. తెల్లవారితే అందులోనే ఆ పిల్లకు ఉద్యోగం ఇంటర్వ్యూ. తల్లీకూతుళ్లు దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని పురుషోత్తం ఇంటికొచ్చారు. విండోస్ మళ్లీ ఎక్కించాలి. అందుకో పెన్‌డ్రైవ్ కావాలి. అతనివన్నీ షాపులో ఉన్నాయి. షాపు తాళంచెవి భాగస్వామి జేబులో, భాగస్వామి అత్తగారి ఊళ్లో. బజారంతా బంద్.

"మీ బావ బండిది ఉన్నది గదన్నా," అంది రాజమణి.

ఆమె భర్త మొగులయ్య గుడిమల్కాపూర్ నుంచి పూలు తెచ్చి తోపుడుబండి మీద అమ్మేవాడు. అరిచి అరిచి గొంతు పోతోందని తన కేకను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, బండికి కట్టిన మైకులో పెట్టుకునేవాడు. పోయిన చలికాలం గుండె ఆగి పోయాడు.

"అండ్ల ఆయన కేక తప్ప ఏం లేదు. చెరిపేసి వాడుకో," అని ఇంట్లోంచి తెచ్చి చేతిలో పెట్టింది.

పురుషోత్తం దాన్ని తన కంప్యూటర్‌కు పెట్టి చెరిపి, అందులోకి విండోస్ ఎక్కించాడు. అంతా అయిపోయిందని తెర చెప్పింది. లాప్‌టాప్‌కు పెడితే మాత్రం నల్లతెర మీద తెల్లక్షరాలు: ఇందులో ఏమీ లేదు పొమ్మని. తీసి తన కంప్యూటర్‌లో చూశాడు. విండోస్ జాడ లేదు. మొగులయ్య కేక మాత్రం ఉన్నచోటే ఉంది.

"ముసల్దయింది. రాసింది పట్టుకుంటలేదు," అన్నాడు. నిజంగా చెరిగిందో లేదో చూద్దామని ఆ కేక మీద నొక్కాడు.

"బంతీ... చామంతీ... కనకాంబరం..." అని గది నిండా మొగులయ్య. చివర్న కాస్త గరగర, ఆ తర్వాత మెల్లగా, "రాజమణీ."

రాజమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా పేరు దీన్ల లేకుండె అన్నా. రోజూ ఇన్నదే గదా."

"నువ్వు సరిగ ఇనలేదు చెల్లె," అని నవ్వాడు పురుషోత్తం. నవ్వు సగంలోనే ఆగింది.

పెట్టే చోటు మార్చాడు. లాప్‌టాప్ లోపలి సెట్టింగులు మార్చాడు. వేరే పద్ధతిలో మొదటి నుంచీ చెరిపాడు. మళ్లీ అదే నల్లతెర, మళ్లీ అదే కేక. ఈసారి చివర్న రెండుసార్లు పిలిచాడు మొగులయ్య.

"మామా, తీసి బయట పారేయి," అంది కీర్తిప్రియ.

"పారేస్తె నీ ఇంటర్వ్యూ ఎట్ల బిడ్డా?" అంటూ పురుషోత్తం మూడోసారి మొదలుపెట్టాడు. బయట డప్పులు మోగుతున్నాయి. పని అయ్యాక ఈసారి అతను కేక మీద నొక్కనే లేదు. అదే మొదలైంది. బంతి లేదు, చామంతి లేదు.

"రాజమణీ... రాజమణీ... రాజమణీ!"

ఎన్నో ఏళ్ల అలవాటు. పొయ్యి దగ్గర నుంచి పలికినట్టే పలికింది రాజమణి.

"ఆఁ, వస్తున్న!"

కంప్యూటర్‌లో గరగర టక్కున ఆగింది.

పురుషోత్తం తల పట్టుకున్నాడు. "ఎంత మాటంటివి చెల్లె! పోయినోడు పిలిస్తె వస్తున్న అంటరా?"

రాజమణి ముఖం తెల్లబోయింది. పెన్‌డ్రైవ్ వైపు వంగి, బండి ఆలస్యంగా తెచ్చిన మొగుణ్ణి కసిరినట్టే అంది: "నీకు యాళాపాళా లేదా? రేపు పిల్లకు ఇంటర్వ్యూ ఉన్నది. దాని కొలువు కానియ్యి. అప్పటిదాంక జర ఆగు."

"ఆగు అంటవేందమ్మా!" కీర్తిప్రియ ఏడుపందుకుంది. "రాను అను!"

"ఆయనతోని రాను అని ఎన్నడన్న అన్ననే?"

నాలుగోసారి పెన్‌డ్రైవ్ సాధువైన గొడ్డులా చెప్పిన మాట విన్నది. విండోస్ ఎక్కింది, నిలిచింది. లాప్‌టాప్‌లో నీలితెర వెలిగింది. మొగులయ్య కేక కోసం పురుషోత్తం ఎంత వెతికినా మళ్లీ కనబడలేదు.

పది రోజులకు కీర్తిప్రియ గల్లీ మలుపులో పురుషోత్తాన్ని ఆపింది.

"మామా, కొలువొచ్చింది. అమ్మకు చెప్పకు."

ఇప్పుడా పిల్ల రోజూ కోచింగ్‌కని చెప్పి టిఫిన్ డబ్బా పట్టుకుని పోతోంది. సాయంత్రం రాజమణి గుమ్మంలో నిలబడి అడుగుతుంది.

"పిల్ల కొలువు ఖబర్ ఏమన్న తెలిసిందా అన్నా?"

కడుపులో మాట దాచుకోవడం చేతకాని పురుషోత్తం ఆకాశంలోకి చూస్తాడు.

"లేదు చెల్లె. గిప్పట్ల వచ్చేటట్టు లేదు."