తాళంచెవి ఎవరి జేబులో

లిఫ్టు కింద ఉండే గుంటలోకి దిగేవాడి జేబులోనే తాళంచెవి ఉండాలి. ఇరవై ఏళ్లుగా ఆ మెకానిక్ పెట్టుకున్న నియమం అది. డాబా మీద మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని బొత్తం పెట్టుకున్నాకే గుంటలో కాలు పెట్టేవాడు. ఎంతటివాడు చెప్పినా వినేవాడు కాదు.

ఆ పూట విన్నాడు. చెప్పింది సొంత బావమరిది మరి.

"పదేళ్లయింది బావా మనం కలిసి పనిచేస్తూ. ఒక్కసారైనా తాళంచెవి నా చేతికిచ్చావా? అక్క కూడా అడుగుతోంది, మీ బావకి నీమీద నమ్మకం లేదా అని."

భార్య మాట వచ్చేసరికి మెకానిక్‌కి మొహమాటం ముంచుకొచ్చింది. ఆ మొహమాటం ఎన్ని కొంపలు ముంచిందో ఇప్పుడు చెప్పుకోవాలా! స్విచ్ ఆపి తాళం వేశాక, తాళంచెవి వాడికిచ్చి డాబా మీదే ఉండమని చెప్పి దిగాడు. గుంటలో ఉండి లిఫ్టును ఆపే మీట పాడైంది, దాన్నే మార్చాలి. ఎవరూ తూలి పడకుండా తలుపు మూసి, టార్చి నోట కరుచుకుని, తుప్పుపట్టిన బోల్టును సుత్తితో బాదాడు. పావుగంటకి ఊడొచ్చింది మహాతల్లి. సుత్తి పక్కన పెట్టి వైర్లు విప్పుతున్నాడు.

పైన మోటారు గుర్రుమంది.

ముందు భ్రమ అనుకున్నాడు. ఇంతలో కళ్లెదుట ఇనప తాళ్లు కదిలాయి. అరిచాడు, ఆ అరుపు మోటారు మోతలో కలిసిపోయింది. తలుపు గొళ్లెం తల కన్నా ఎత్తులో ఉంది, ఎక్కి తీసే వ్యవధి లేదు. ఆ చమురు నేల మీదే వెల్లకిలా పడుకున్నాడు. పొద్దున భార్యతో సరిగ్గా మాట్లాడకుండా వచ్చేశానే అని ఒకటే బాధ. లిఫ్టు దిగింది, దిగింది, ముక్కుకి జానెడు ఎత్తులో ఆగింది.

బతికాడు. సిగ్గు విడిచి ఏడ్చాడు. కాసేపటికి సుత్తి తడుముకుని లిఫ్టు అడుగున ఠంగుఠంగున కొట్టాడు.

లిఫ్టు పైకి పోయింది. తలుపు తీసిన బావమరిది మొహంలో నెత్తురుచుక్క లేదు.

"సుత్తి చప్పుడు ఆగింది బావా. పనై పైకొచ్చేశావనుకున్నా. చూడకుండా స్విచ్ వేసి లిఫ్టు కిందికి దింపేశా."

మెకానిక్ గుంటలోంచి పైకి పాకి తలుపు దగ్గర కూర్చున్నాడు. వాడు కావాలని చేశాడా? తనకోసం ప్రాణమిచ్చే మనిషే. అది తలుచుకుంటేనే ఇంకా భయమేసింది.

మీట బిగించడం మిగిలే ఉంది. "ఈసారి నేను దిగుతా" అన్నాడు బావమరిది. డాబా ఎక్కి, స్విచ్ ఆపి, తాళం వేసి వచ్చి తాళంచెవి బావ చేతిలో పెట్టాడు. "నీ దగ్గరే ఉంచు. నాకు నీమీద నమ్మకం."

మెకానిక్ దాన్ని వాడి చొక్కా జేబులోనే వేసి బొత్తం పెట్టాడు.

"నాకు లేదురా, నా మీద" అన్నాడు.