తెలియని డ్రైవరు

తామరదుంపలు వేసి బొమికల చారు పొయ్యి మీద పెట్టి, యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే అత్తయ్య వెనక నుంచి అంది, ఇంజనీరు పెళ్లాం బస్సు నడుపుతోందని తెలిస్తే చైనాలో మన ఊరు యీచాంగ్‌లో నవ్విపోతారని. యీచాంగ్ దాకా ఎందుకు, ఈ ఆస్ట్రేలియాలో, హోబార్ట్‌లో ఉన్న మనవాళ్లకే తెలియనివ్వలేదు ఆవిడ కొడుకు.

మా ఆయన షెన్ లియాంగ్ చెడ్డవాడని నేననను. టాస్మానియా కొండల్లో పాత ఆనకట్టల మరమ్మతులు చూడడానికి వచ్చిన కొత్తలో, మీటింగుల్లో అతను ఇంగ్లీషులో నోరు తెరిస్తే తోటివాళ్లు మొహమొహాలు చూసుకునేవారట. ఇంటికొచ్చి స్నానాలగది అద్దం ముందు నిలబడి మర్నాడు చెప్పాల్సింది వల్లె వేసేవాడు. నేను తొట్టి అంచున కూర్చుని అతని పై అధికారినయ్యేదాన్ని. ప్రశ్నలు వేసేదాన్ని. వాళ్లు నవ్వినట్టే నవ్వేదాన్ని కూడా, అతనికి అలవాటు కావాలని. అలా నాకు ఇంగ్లీషు వచ్చింది, అతనికి ప్రమోషన్ వచ్చింది. తాగడు, తిరగడు, కూతురికి లెక్కలు చెప్పాడు, తల్లిని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తాడు. చైనా సంఘం విందుల్లో సంసారి అంటే లియాంగే అంటారు. ఆ మాట నాకు వంటగదిలోకి వినిపిస్తుంటుంది.

కూతురు మెల్‌బోర్న్‌లో చదువుకి వెళ్లాక నేను బస్సు నడపడం నేర్చుకున్నాను. నీకేం తక్కువ చేశానన్నాడు లియాంగ్. ఏమీ తక్కువ చెయ్యలేదు. అతనికి ఏదీ తక్కువ కాకుండా చూడడంలోనే నా ఇన్నేళ్లూ వెళ్లిపోయాయని ఎలా చెప్పను? సరే నడుపు, కానీ ఎవరైనా అడిగితే వృద్ధాశ్రమంలో సేవ చేస్తున్నానని చెప్పు అన్నాడు. దానికీ ఒప్పుకున్నాను. ఏ రూటు నడుపుతానో మాత్రం అతనెప్పుడూ అడగలేదు.

అతని కారు షెడ్డుకి వెళ్లిన రోజు, తన ఆఫీసు మేనేజర్ గ్రెగ్‌తో కలిసి నా బస్సే ఎక్కాడు. నన్ను చూసి ఒక కాలు మెట్టు మీద ఉండగానే ఆగిపోయాడు. తర్వాత కార్డు తాకించి, తల వంచుకుని నన్ను దాటి వెళ్లాడు. బస్సంతా నిండిపోయి, నా వెనక సీటే ఖాళీగా ఉంటే ఇద్దరూ అందులో కూర్చున్నారు. మీ ఆవిడ పంపే చారు వాసనకి ఆఫీసులో పని సాగదయ్యా అన్నాడు గ్రెగ్. దానికి వంటంటే ప్రాణం, ఇల్లు కదలదు అన్నాడు లియాంగ్.

కాసేపాగి గ్రెగ్ గొంతు తగ్గించాడు. "ఈ డ్రైవరు మీ దేశం ఆవిడలా ఉంది. తెలుసా నీకు?"

"తెలీదు. మావాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు."

బస్సు డెర్వెంట్ నది వంతెన మీద ఉంది. ఎదురుగాలి గట్టిగా కొడుతోంది, స్టీరింగ్ బిగించి పట్టుకున్నాను. నా వెనక నలభైమంది ఉన్నారు, వాళ్లంతా నన్ను నమ్ముకుని కూర్చున్నారు. ఒక్కడు తప్ప.

వాళ్ల స్టాపు రాగానే గ్రెగ్ థాంక్స్ చెప్పి దిగాడు. లియాంగ్ అతని వెనకే దిగబోతుంటే పిలిచాను. గ్రెగ్‌కి కూడా అర్థం కావాలని ఇంగ్లీషులోనే అన్నాను.

"లియాంగ్, అత్తయ్య బీపీ మాత్రలు అయిపోయాయి. సాయంత్రం తీసుకెళ్లు. అన్నం కూడా నువ్వే వండు, నాకు రెండో షిఫ్టు ఉంది."

కింద నిలబడ్డ గ్రెగ్ అతన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. నేను తలుపులు వేసి బండి కదిలించాను.

ఇంటికి వచ్చేసరికి మాత్రలు బల్ల మీద ఉన్నాయి. అన్నం అడుగంటింది. ఒక్క మాటకి ఇంత రాద్ధాంతమా, మగాడి పరువు బజార్లో పెట్టావు అంది అత్తయ్య. ఆ బజార్లో నేనెవరో తెలియదన్నది మీ అబ్బాయే అన్నాను.

లియాంగ్ ఆ అన్నమే నా గిన్నెలో వడ్డించాడు.

"రూటన్నా మార్పించుకో, యూన్."

"మార్పించుకోను. నీకు కష్టమైతే నడిచి వెళ్లు."

"గ్రెగ్ ఆదివారం మనిద్దర్నీ భోజనానికి రమ్మన్నాడు. ఏం చెప్పను?"

మాడిన అన్నం ఒక ముద్ద నమిలి మింగాను.

"నేను వస్తానని చెప్పు," అన్నాను. "నువ్వెవరని పరిచయం చెయ్యాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు."