రంగు ఆపిన ఆర్నెల్లు

పప్పులో వెంట్రుక వచ్చింది. వామన్‌రావు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని కిటికీ వెలుతురుకు ఎత్తాడు. కుదురు దగ్గర తెల్లగా, నడుమ ఇటుక రంగులో, కొసన బొగ్గులా నల్లగా ఉంది. ఎవరిదని అడగవలసిన పని లేదు.

“ఏంది సౌభాగ్యా గిది? తిననిస్తవా, తిననియ్యవా?”

సౌభాగ్య పళ్లెం తీసి, ఇంకో పళ్లెంలో అన్నం పెట్టి తెచ్చింది. అప్పటికే బడికి ఆలస్యమవుతోంది. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఆ కిరాయి ఇంట్లో ఉండేది ముగ్గురే అయినా పొద్దున లేచిన దగ్గరినుంచి పని ఆమె ఒక్కదానిదే. అత్త వీరమ్మకు వేడినీళ్లు, మొగుడికి చాయ, ఇద్దరికీ వంట, అంట్లు, బట్టలు. అవన్నీ అయ్యాక ఆబిడ్స్‌లోని ప్రైవేటు బడికి నడిచి వెళ్లి చిన్న తరగతులకు తెలుగు చెప్పాలి. తలకు కొంగు చుట్టుకుని వంట చేయమని అత్త చెప్తూనే ఉంది. చుట్టుకుంటూనే ఉంది కూడా. అయినా వెంట్రుకలు ఆగడం లేదు. దువ్వెనలో, దిండు మీద, చీర కుచ్చిళ్లలో, ఎక్కడ చూసినా అవే. పట్టుకుంటే కొబ్బరి పీచులా గరగరమంటాయి, కొంచెం లాగితే తెగి చేతికొస్తాయి.

ఒకప్పుడు వెంట్రుకలు ఆమెకు ఒక లెక్కలోనివి కావు. జడ వేసుకోవడం, ముడి చుట్టుకోవడం, అంతే. నలభై దాటకముందే తెల్లబడ్డాయి. ఆమె పట్టించుకోలేదు, పట్టించుకునే తీరికా లేదు. వామన్‌రావుకు ఆఫీసులో పెద్ద కుర్చీ దొరికిన ఏడు అతనికి అవి కనబడ్డాయి. “నిన్ను చూస్తే నాకే ముసల్తనం వచ్చినట్టున్నది” అన్నాడు. మర్నాడే తలకు రంగు వేసే ఖిజాబు పొట్లాలు తెచ్చి ఇచ్చాడు. అతని చెంపలూ తెల్లబడే ఉన్నాయి. ఆ మాట ఒకసారి ఆమె నవ్వుతూ అంటే, “మొగోనికి తెల్లబడితే పెద్దరికం. నీకూ నాకూ ఒకటేనా?” అన్నాడు. నవ్వకుండానే అన్నాడు. అప్పటినుంచి ఆ నల్లపొడి గిన్నెలో కలుపుకుని, పాత పళ్లబ్రష్‌తో పాపిడి పొడవునా పూసుకోవడం ఇంటిపనుల్లో ఇంకొక పని అయింది. పూసిన రాత్రి తల మీద నిప్పులు పోసినట్టు మండేది. చెవుల వెనక పొక్కులు లేచేవి, కళ్లు వాచేవి. ఎండాకాలం తరగతిలో చెమట నల్లగా మెడ మీదికి కారి తెల్ల రవిక తడిసిపోతే వెనక బెంచీ పిల్లలు మూతులు మూసుకుని నవ్వారు. ఆ రవిక ఎంత ఉతికినా తెల్లబడలేదు. మండుతోందని ఇంట్లో చెప్పకపోలేదు. “పూసుకునుడు సరిగ్గ రాదు నీకు” అన్నాడు వామన్‌రావు.

వెంట్రుకలు రాలడం మొదలయ్యాక తలా ఒక మందు చెప్పారు. వీరమ్మ గుంటగలగరాకు నూనె కాచి ఇచ్చింది, మందారాకు రుబ్బమంది. వామన్‌రావు అంతకంటే ఖరీదైన ఖిజాబు తెచ్చాడు. దానికి పొక్కులు రెండింతలయ్యాయి. ఆఖరుకు ఆ పొద్దున పప్పులో వచ్చిన వెంట్రుక చూసి, “ఏడనన్న మంచి దవా చేపిచ్చుకో. తినే అన్నంల గిట్ల వస్తె ఎట్ల?” అన్నాడు. ఆమె తల కోసం కాదు, అతని అన్నం కోసం. అది తెలిసినా ఆ మాట పట్టుకునే సాయంత్రం ఆమె ఆబిడ్స్‌లోని బ్యూటీ పార్లర్ మెట్లెక్కింది. తోటి టీచరు అహల్య తోడు వచ్చింది.

పార్లర్ నడిపే నాగరత్నం సౌభాగ్యను కుర్చీలో కూర్చోబెట్టి ముడి విప్పింది. పాయలు తీసి చూస్తుంటే పొక్కులు చిట్లిన చోట చురుక్కుమంది.

“ఎన్నేండ్ల సంది పెడుతున్నరమ్మా రంగు?”

“ఐదేండ్లాయె.”

“చూడుండ్రి, మూడు తీర్లు చెప్త. సవరం పెట్టుకుని, పైన రంగు ఏసుకుంట ఉండొచ్చు. జల్ది కనబడతది గానీ నెత్తి ఇంక పాడైతది. లేకపోతే మొత్తం కురచగ కత్తిరిద్దాం, కొత్తది మంచిగొస్తది. లేదంటే కొసలు తీసేసి, వారం వారం వేడినూనె మర్దన, ఆవిరి తువాలు, గుడ్డుసొన. ఆర్నెల్లల్ల మెత్తవడతది. గానీ అన్నొద్దులు రంగు ముట్టొద్దు. మీకేం గావాలె?”

సౌభాగ్య అద్దంలో చూస్తూ ఉండిపోయింది. మొగుడికి ఏం కావాలో ఆమెకు తెలుసు. అత్తకు ఏం కావాలో తెలుసు. బడిలో పెద్ద పంతులమ్మకు ఏం కావాలో కూడా తెలుసు. తనకేం కావాలో ఇంతవరకు ఎవరూ అడగలేదు, తనూ అనుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాగరత్నం మంటకేమో అనుకుని చేతులు వెనక్కి తీసుకుంది.

“మండుడు ఆగితే చాలు” అంది చివరికి.

రంగు బంద్ అని విని వామన్‌రావు తింటున్నవాడు తినడం ఆపాడు. “ఆర్నెల్లా? శ్రావణంల మా ఆఫీసోల్ల ఇండ్లల్ల ఎన్ని పెండ్లిలున్నయో తెలుసా?”

“నెత్తంత పుండైంది. మీరే జర చూడుండ్రి.” ఆమె అతని ముందు తల వంచింది.

అతను చూడలేదు. “సరే, చేపిచ్చుకో. అన్నొద్దులు నా ఎంట ఏడికీ రాకు” అన్నాడు.

అలా ఆ పెళ్లిళ్లకు అతను ఒక్కడే వెళ్లాడు. ఆదివారాలు తెల్లవారకముందే లేచి వంట ముగించి, అత్తకు స్నానం చేయించి, గిన్నెల మీద మూతలు పెట్టి ఆమె పార్లర్‌కు వెళ్లేది. తిరిగొచ్చేసరికి అన్నం చల్లారిందని ఒకరు, సోకులెక్కువైనయని ఒకరు. వినీ విననట్టు కొంగు బిగించి అంట్లముందు కూర్చునేది. అయినా వేడి తువాలు తలకు చుట్టి, కాసేపు కళ్లు మూసుకోమని నాగరత్నం చెప్పే ఆ కొద్దిసేపు ఎవరికీ ఏదీ అందించనక్కర్లేదు. ఆ కాసేపట్లో ఆమెకు ఏ ఆలోచనా వచ్చేది కాదు. అదే ఆమెకు సుఖం.

పొక్కులు మానాయి. పాడైన కొసలు పోతూ పోతూ జడ భుజాల దాకా వచ్చి ఆగింది. చలికాలం వచ్చేసరికి పైనంతా తెల్లటి తెలుపు, కొసల్లో మిగిలిన రంగూ వెలిసిపోయింది. ఒకరోజు స్నానం చేసి చిక్కు తీసుకుంటుంటే వేళ్లు మొదటినుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా జారిపోయాయి. నమ్మలేక మళ్లీ దువ్వుకుంది. దువ్వెనలో ఏమీ రాలేదు. బడిలో రెండో తరగతి పిల్ల ఒకతి ఆమె జడ పట్టుకుని, “టీచర్, పట్టు లెక్కనే ఉన్నది” అంటే రోజంతా ఆ మాట మనసులో మెదిలింది. ఇంట్లో మాత్రం వామన్‌రావు గోడతోనో గడియారంతోనో మాట్లాడేవాడు. అతని చూపు ఆమె నుదుటి దాకా వచ్చి పక్కకు తిరిగిపోయేది. అలవాటవుతుందిలే అనుకుంది సౌభాగ్య. మంచిగైందని ఒక్కమాటంటే చాలనుకుంది. ఆ ఒక్కమాట కోసం ఎదురుచూస్తున్నందుకు తన మీద తనకే జాలేసేది.

ఆ శనివారం వీరమ్మకు దానిమ్మపండ్లు కావలసివచ్చాయి. ఏమనుకున్నాడో, “నడువు, మొజంజాహీ మార్కెట్ దాక పోయొద్దాం” అన్నాడు వామన్‌రావు. సౌభాగ్య నీలం రంగు చీర కట్టుకుంది. తెలుపు మీద నీలం బాగుందని అద్దం ముందు నిలబడి తనకు తానే చెప్పుకుంది. పండ్లు కొన్నాక అతనే ఐస్‌క్రీం తిందామన్నాడు. రాతి కమానుల కింద కూర్చున్నారు. ఎన్నాళ్ల తర్వాతో ఇద్దరూ పక్కపక్కన.

అప్పుడు వచ్చాడు శ్రీపతి. వామన్‌రావు ఆఫీసులో కొత్తగా చేరినవాడు, వెంట కొత్త పెళ్లాం. “నమస్తే సార్!” అని సౌభాగ్య వైపు తిరిగి చేతులు జోడించాడు. “మీ అమ్మగారా సార్?”

నవ్వేస్తే అయిపోయేది. మా ఇంటావిడ అంటే ఆ పిల్లవాడు నాలుక కరుచుకునేవాడు, నలుగురూ నవ్వుకునేవారు. సౌభాగ్య మొగుడి ముఖం వైపు చూసింది. ఎన్నో నెలల తర్వాత అతను ఆమె తలను నిండుగా చూశాడు.

“ఔ” అన్నాడు. “అమ్మనే.”

ఆ పిల్ల వెంటనే వంగి సౌభాగ్య పాదాలకు దండం పెట్టింది. అమ్మ అనిపించుకోవడానికి ఒకప్పుడు సౌభాగ్య తిరగని దవాఖాన లేదు. మింగని మందు లేదు. వంగిన ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, “సల్లగుండు బిడ్డా” అంది. చేతిలో ఐస్‌క్రీం కరిగి మణికట్టు మీదికి కారుతోంది, తుడుచుకోవాలని తోచలేదు. తల లోపల ఏదో ఆరిపోయినట్టు చీకటైంది. పుండంటే ఇంతకాలం నెత్తి మీదిదే అనుకుంది.

నాంపల్లి దాకా అతను ముందు, ఆమె వెనక నడిచారు. స్టేషన్ దగ్గర ఆగి అన్నాడు, “నోట్లెకెల్లి అట్ల వచ్చేసింది. ఏం ఫికర్ జేయకు. రేపు ఖిజాబు తెస్త, ఒక్కపూటల ఐపోతది.” నీడలు పొడుగయ్యే వేళకు ఇల్లు చేరారు.

పండ్లు గిన్నెలో పెట్టింది. కాళ్లు కడుక్కుంది. తమ గదిలోకి వెళ్లి తన పరుపు చుట్ట చుట్టి, దిండు చంకన పెట్టుకుని అత్త గదిలోకి వచ్చింది. వీరమ్మ మంచం పక్కన నేల మీద పరుపు దించింది.

“ఏమే, గిదేంది? గీడికెందుకు తెచ్చినవు?” అంది వీరమ్మ.

వామన్‌రావు గడప దగ్గర నిలబడ్డాడు. “నోరు జారిన ఒక్క మాటకు గింత జేస్తవా సౌభాగ్యా?”

ఆమె వంగి దుప్పటి ముడతలు చేత్తో సాపు చేసింది. ఆ తర్వాతే తలెత్తింది.

“మీరన్న మాటనే నిలబెడుతున్న. ఈ ఇంట్ల అమ్మ పండుకునేది గీ గదిలనే గద.”