పావు చెంబు నీళ్ళు

రైలుకట్ట కనబడగానే లీదియా వేగం పెంచింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుంది. ఎడమచేతిలో సత్తు చెంబు. దాని అంచును నాలుగు వేళ్ళతో బిగించి పట్టుకుంది. కాళ్ళకు చెప్పులు లేవు. బండిబాటలో రాళ్ళెక్కడున్నాయో, మెత్తటి ఇసుక ఎక్కడ మొదలవుతుందో ఆ పాదాలకు తెలుసు. పడమట నల్లమల ఇంకా చీకట్లోనే ఉంది. ఆముదపు చేలు దాటింది, ఎండిపోయిన వంక దాటింది. కట్ట కింద ఉన్న తుమ్మచెట్టును అరచేత్తో తాకి, ఆగకుండా వెనక్కి తిరిగింది.

లీదియా పొద్దున్నే ఎందుకు పరుగెత్తుతుందో పాలెంలో అందరికీ తెలుసు. ఆమెకు కడుపు జబ్బు. నిద్ర లేచిందంటే ఆపుకోలేదు. సిగ్గు ఎక్కువ గనక ఆడవాళ్ళందరూ కూర్చునే చోట కూర్చోలేక అంత దూరం పోతుంది. ఏడేళ్ళుగా పాలెమంతా ఆమెకు వైద్యం చేస్తూనే ఉంది. ఒకరు దానిమ్మ తొక్కు కషాయం తెచ్చిస్తారు, ఇంకొకరు మెంతులు నానబెట్టిన మజ్జిగ తాగమంటారు. పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాళ్ళు ఆమె విస్తరి దగ్గరికొచ్చి జాలిపడి పప్పు తక్కువ వేస్తారు. నిజానికి లీదియాది రాళ్ళు తిన్నా అరిగించుకునే కడుపు. ఆ పెళ్ళిళ్ళలో పాపం ఆమె ఆకలితోనే లేచి వచ్చేది.

జబ్బు ఉన్న మాట నిజం. అది కడుపులో లేదు, అంతే.

ఎక్కడుందో ఆమెకూ తెలియదు. కూతురు ఎస్తేరు పుట్టిన నెలకు మొదలైంది. పొద్దున కళ్ళు తెరిస్తే రొమ్ము మీద ఎవరో బండ పెట్టినట్టుండేది. ఏ కారణమూ లేకుండా గుండె దడదడలాడేది, అరచేతులు చెమటపట్టేవి. బిడ్డ ఏడుస్తుంటే వినబడేది గానీ లేచి తీసుకోవాలనిపించేది కాదు. పాస్టరు జ్ఞానయ్య వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ఆయన ఉన్నంతసేపూ బాగానే ఉంది. చెప్పులు తొడుక్కుని ఆయన వెళ్ళగానే మళ్ళీ బండ వచ్చి కూర్చుంది. ఇలాంటివాటికి ఇంతకుముందు కర్నూలు పెద్దాసుపత్రికి పొమ్మనేవాళ్ళు. జిల్లా మారాక ఒంగోలు పొమ్మంటున్నారు. లీదియా ఆ రెండు ఊళ్ళూ ఎరగదు.

ఆమె భర్త ప్రకాశరావు పలకరాయి తవ్వే గుంటల్లో పనిచేస్తాడు. చెడ్డవాడేం కాదు. భయస్తుడు. అప్పట్లో ఒకరోజు, గోడవైపు తిరిగి పడుకున్న భార్యను చూస్తూ తల్లితో అన్నాడు.

"మా మేనమామ పెండ్లాం ఇట్లనే మొదలై పిచ్చిదైపోయింది. ఇట్లనే ఉంటే వాళ్ళ నాయనను పిలిపిచ్చి తోలేస్తా. బిడ్డను నువ్వు సాకు."

అతని తల్లి మగ్దలీనమ్మ పొయ్యి దగ్గర నుంచి తల కూడా తిప్పలేదు.

"పిచ్చి ఏందిరా? కడుపు నొప్పి. కాన్పయిన ఆడదానికి వంద ఉంటాయి. మొగోడివి, నీకేం తెలుసు?"

ఆ కడుపు జబ్బు అలా పుట్టింది. దాన్ని కనిపెట్టింది, పెంచింది, ఊరంతా నమ్మేలా చేసింది మగ్దలీనమ్మే.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం లీదియా బిడ్డను చంకనేసుకుని పాత గుంట దగ్గరికి వెళ్ళింది. రాయి అయిపోయి వదిలేసిన గుంట అది, వాన నీళ్ళతో నిండి ఉంది. ఎందుకు వెళ్ళిందో ఈనాటికీ తనకు తానే సరిగ్గా చెప్పుకోలేదు. అంచున నిలబడి నీళ్ళకేసి చూస్తూ ఉంది. వెనకనుంచి అత్త గొంతు వినబడింది. "బిడ్డ నియ్యి. ఎండలో తిప్పగాకు." అంతే అంది. కేకలు పెట్టలేదు, చెయ్యి పట్టి లాగలేదు. లీదియా బిడ్డనిచ్చింది. ఇచ్చి, పరుగెత్తింది. గుంటకు దూరంగా, చేలకు అడ్డంపడి, రైలుకట్ట దాకా పరుగెత్తి తుమ్మచెట్టు కింద పడిపోయింది. ఊపిరాడక రొప్పుతుంటే అప్పుడు తెలిసింది, రొమ్ము మీద బండ లేదని. తిరిగి వచ్చి బిడ్డకు పాలిచ్చింది. మర్నాడు తెల్లవారేసరికి బండ మళ్ళీ వచ్చింది. లీదియా చెంబు తీసుకుని మళ్ళీ పరుగెత్తింది. చెంబు లేని ఆడది తెల్లవారుజామున పరుగెత్తితే దానికి ఊరు వేరే పేరు పెడుతుంది మరి.

ఇవాళ ఆమె ఇల్లు చేరేసరికి మగ్దలీనమ్మ గడప మీద కూర్చుని దగ్గుతోంది. వయసంతా పలకలు రుద్దిన మనిషి. రాతిపొడి ఆమె ఊపిరితిత్తుల్లో చేరి చాలా ఏళ్ళయింది. మెడ కింద ఎముకల మధ్య గుంటలు పడ్డాయి. మాట్లాడాలంటే ముందు ఊపిరి కూడగట్టుకోవాలి.

"ఈపొద్దు బిన్నే వచ్చినావే."

"ఎదురుగాలి లేదత్తా."

"కూసో. రొప్పు తగ్గనీ."

లీదియా పక్కన కూర్చుంది. ముసలామె చెంబు అందుకుని మిగిలిన నీళ్ళు బెండ మొక్కకు పోసి గడప పక్కన బోర్లించింది. సాయంత్రం పడుకోబోయే ముందు మళ్ళీ నీళ్ళు పోసి అక్కడే పెడుతుంది. ఏడేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదు.

మొదట్లో నిండా పోసేది. పరుగులో నీళ్ళు తొణికి లీదియా కుచ్చిళ్ళన్నీ తడిసేవి. ఒకరోజు అత్త ఆ తడి చీరను చూసింది. మర్నాటి నుంచి చెంబులో పావు వంతే ఉండేవి. కడుపు జబ్బు మనిషికి పావు చెంబు నీళ్ళు ఏ మూలకు? అత్తకు అంతా తెలుసని లీదియాకు అలా తెలిసింది. దాని గురించి వాళ్ళిద్దరూ ఒక్కమాటా అనుకోలేదు. తనను కన్నతల్లి కూడా అంత ప్రేమగా చూడలేదని మాత్రం లీదియా ఎన్నోసార్లు అనుకుంది.

పెరటిగోడకు రాతిబండలు ఆనించి ఉన్నాయి. భార్య బాధ చూడలేక ఇంటి వెనక మరుగుదొడ్డి కట్టించాలని ప్రకాశరావు గుంటలో పనికిరాని బండల్ని ఒక్కొక్కటే మోసుకొచ్చాడు. రెండేళ్ళుగా అవి అలాగే ఉన్నాయి. మేస్త్రీని పిలుస్తానన్నప్పుడల్లా తల్లి ఇంతెత్తున లేచేది. "వంటింటెనక కంపు నాకొద్దు. నేను పొయినాక కట్టుకో." కొడుక్కి అది ముసలిదాని మొండితనంగా కనబడేది.

లీదియా కూతురికి జడ వేసి, జొన్న సంగటి పెట్టింది. ఎస్తేరుకు ఏడేళ్ళు. మాటలు తక్కువ. తల్లి ముఖంలోకి అప్పుడప్పుడూ అలా చూస్తూ ఉండిపోతుంది. ఆ చూపంటే లీదియాకు కొంచెం భయం.

"బడినించి తిన్నగా అవ్వ కాడికి రా. యాడా నిలబడగాకు."

"ఊ."

పలకల కార్ఖానా మార్కాపురం ఊరి చివర ఉంది. ఆడవాళ్ళు వరసగా రేకుల షెడ్డు కింద కూర్చుని, కోసిన రాతిపలక మీద ఇసుకా నీళ్ళూ పోసి రుద్దుతారు. గరుకు పోయి నల్లగా నున్నబడేదాకా రుద్ది పక్కన పెడితే, మగవాళ్ళు చెక్క చట్రం బిగిస్తారు. లీదియా చేతివేళ్ళ చివర్లు అరిగి నునుపెక్కాయి. గోళ్ళ కింద బూడిదరంగు ఏ సబ్బుకూ వదలదు. ఎన్ని వేల మంది పిల్లలు తను రుద్దిన పలక మీద అక్షరాలు దిద్దారో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. ఆమె ఆలోచనంతా రుద్దడం మీదే. చేతులు ఆగితే గుండె మొదలవుతుంది.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆ దడ రానే వచ్చింది. ఎదురుగా ఏమీ లేదు. రేకుల మీద ఎండ, కుండలో నీళ్ళు, పక్కన వీరమ్మ చెప్పే కబుర్లు. అయినా ఏదో జరగబోతోందని ఒళ్ళంతా బిగుసుకుంది. ఎస్తేరు పాత గుంట వైపు వెళ్ళి ఉంటుందా? వెళ్ళదు. వెళ్తే? లీదియా పలకను గట్టిగా రుద్దింది. తెల్లారనీ, తెల్లారనీ అని లోపల అనుకుంది. తెల్లవారితే తుమ్మచెట్టు దాకా పరుగెత్తొచ్చు. రోజులో మిగతాదంతా దానికోసం ఓర్చుకోవడమే.

"మొగం పాలిపోయింది. మళ్ళా కడుపులోనా?" అంది వీరమ్మ.

"ఊ."

"మా తోడికోడలు చెప్పింది. ఉడకేసిన జామాకు..."

మాట పూర్తికాకుండానే కాటమరాజు వచ్చాడు. కార్ఖానాలో పని చూసే గుమాస్తా అతను. ఎప్పుడూ దూరం నుంచే అరిచే మనిషి, ఇప్పుడు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"లీదియా, చేతులు కడుక్కోమ్మా. ఇంటికి పో."

"బిడ్డకు ఏమన్నా అయిందా?"

"బిడ్డ బాగుంది. మీ అత్త."

లీదియా చేతులు కడుక్కుని బయటికొచ్చింది. ఎండ ఇంకా తగ్గలేదు. రోడ్డు మీద కాళ్ళు వాటంతటవే వేగం అందుకున్నాయి. నాలుగు అడుగులు వేసి ఆగిపోయింది. దుకాణాల ముందు మనుషులు కూర్చుని ఉన్నారు. చేతిలో చెంబు లేదు. చెంబు లేకుండా ఎలా పరుగెత్తాలో ఆమెకు తెలియలేదు. ఊపిరి బిగబట్టి పాలెం దాకా నడిచింది. అంత పొడుగు నడక ఆమె జీవితంలో ఎప్పుడూ నడవలేదు.

మగ్దలీనమ్మను చాప మీద పడుకోబెట్టి తెల్లదుప్పటి కప్పారు. గడప మీద కూర్చుని గోడకు తల ఆనించిందట. దగ్గు ఆగిందట. ఒంటిపూట బడినుంచి వచ్చిన ఎస్తేరు, అవ్వ నిద్రపోతోందనుకుని చాలాసేపు పక్కనే కూర్చుందట. ఇదంతా వచ్చినవాళ్ళు తలొక ముక్కగా చెప్పారు. జ్ఞానయ్య బైబిలు మూసి, గిద్దలూరు నుంచి ఆడబిడ్డ రావాలి గనక రేపు పొద్దెక్కాక సమాధి చేద్దామన్నాడు.

లీదియా అత్త పాదాల దగ్గర కూర్చుంది. ఆ పాదాలు చల్లగా ఉన్నాయి. ఏడుపు రాలేదు. రొమ్ము మీద బండ మాత్రం వచ్చి కూర్చుంది, ఎప్పటికన్నా బరువుగా.

"రేపు మన్ను చేసిందాకా నువ్వు శవం కాడినించి లేయగూడదు మ్మే," అంది వీరమ్మ, చెవి దగ్గర. "కడుపు ఎట్ల ఆపుకుంటావో ఏమో."

పొద్దు వాలుతుండగా ప్రకాశరావు వచ్చి పక్కన కూలబడ్డాడు. కళ్ళు వాచి ఉన్నాయి. తల్లి ముఖం చూశాడు, భార్య ముఖం చూశాడు.

"అమ్మ ఉండంగ నీకు ఏమీ చెయ్యలేకపోయినా. ఇంక ఆపేవాళ్ళు లేరు. దినం అయిపోతానే మేస్త్రీ వస్తానన్నాడు. ఇంటెనకాలే కట్టిస్తా. నువ్వు ఇంక అంత దూరం ఉరికే పని లేదు."

అతని గొంతులో నిజమైన ప్రేమ ఉంది. నాకు పరుగు కావాలి అంటే ఎందుకంటాడు. ఎందుకో చెబితే మేనమామ పెళ్ళాం గుర్తొస్తుంది. ఆమె తల ఊపింది. అతను ఆమె భుజం తట్టి, శవపెట్టె చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. తనను కాపాడిన అబద్ధాన్ని అత్తతోపాటే పూడ్చేస్తారని ఆమెకు అర్థమైంది. ఇక తెల్లవారినా తెల్లవారనట్టే.

ఎస్తేరు వచ్చి తల్లి ఒళ్ళో ముఖం పెట్టింది. కాసేపటికి తలెత్తి, ఎవరూ వినకుండా చెప్పింది.

"అమ్మా, చెంబు పెట్టినా."

"ఏం చెంబు?"

"నీ చెంబే. అవ్వ చెప్పింది. తాను లేకపోతే రోజూ నన్ను పెట్టమనింది."

లీదియా గడప వైపు చూసింది. మెల్లగా అడిగింది.

"నీళ్ళు ఎన్ని పోసినావు?"

"కొంచెమే. నిండా పోస్తే నువ్వు ఉరికేటప్పుడు తొణుకుతాయంట గదా." పిల్ల ఇంకా గొంతు తగ్గించింది. "నువ్వు ఉరక్కపోతే నీకు బాగుండదంట. నాయనకు చెప్పొద్దనింది. నేను చెప్పను."

అప్పుడొచ్చింది ఏడుపు. అత్త పోయినందుకే ఏడుస్తోందని చుట్టూ ఉన్నవాళ్ళు అనుకున్నారు, ఊరుకోమ్మా అన్నారు. ఏ బిడ్డనైతే ఒకనాడు నీళ్ళ అంచుదాకా ఎత్తుకెళ్ళిందో, ఆ బిడ్డ చేతికే ఇప్పుడు తన కాపలా వచ్చింది. ఏడేళ్ళ పిల్ల ఎన్నాళ్ళు మోస్తుంది? లీదియా కూతుర్ని గట్టిగా పట్టుకుని, నోరు కొంగుతో మూసుకుని ఏడ్చింది. ఎస్తేరు మాత్రం ఏడవలేదు. పెద్ద పని అప్పగించినవాళ్ళ ముఖంతో గడప వైపే చూస్తూ ఉంది.

గడప పక్కన, రోజూ మగ్దలీనమ్మ పెట్టే చోటనే, సత్తు చెంబు ఉంది, అడుగున పావు వంతు నీళ్ళతో.