సగం వేగం

తడిబట్టలు పిండబోతే ఆమె కుడి మణికట్టు మళ్ళీ మొరాయించింది. బట్టల్ని బకెట్లోనే వదిలేసి, డ్రమ్ము పుల్లలు సంచిలో వేసుకుని ప్రాక్టీసుకి బయల్దేరింది. ఆ వాయించే ఊపులో సగమైనా ఇంటిపనిలో చూపిస్తే బావుణ్ణని అత్తగారు వెనకనుంచి అననే అంది. ఊపంతా అరిగిపోయింది ఈ బట్టల దగ్గరేనని ఎవరికి చెప్పుకుంటుంది?

మూతబడ్డ టైర్ల కొట్టు వెనక గదిలో, గొంతు చించుకుని ఊపిరాడని వేగంతో పాడే ముగ్గురి హార్డ్‌కోర్ పంక్ బ్యాండ్ అది. గిటారూ పాటా మొగుడివి, బేస్ గిటారు ఆడపడుచుది, డ్రమ్స్ ఈమెవి. పదకొండేళ్ళుగా ఒకటే పరుగు. ఒకటిన్నర నిమిషంలో పాట ముగించకపోతే మొగుడికి పరువు తక్కువ. డాక్టరమ్మేమో చెయ్యి చూసి, ఇదే వేగంతో వాయిస్తే ఏడాదిలో పుల్ల పట్టుకోవడమే కష్టమంది. ఆ సంగతి ఆమె ఇంట్లో చెప్పలేదు. కిందటి నెల ఒక్క దెబ్బ తప్పితేనే, "నీకేముంది, కొట్టడమేగా. చేతకాకపోతే చెప్పు, ఇంకొకణ్ణి చూసుకుంటాం" అన్నాడు మరి. వైర్లు చుట్టడానికీ గది ఊడవడానికీ మాత్రం ఇంకొకణ్ణి చూస్తానని ఏనాడూ అనలేదు మహానుభావుడు.

అయితే ఒకటుంది. ఏ పాటైనా ఆమె రెండు పుల్లలూ ఒకదానికొకటి నాలుగుసార్లు తాటిస్తేనే మొదలవుతుంది. ఆ దెబ్బలు ఎంత ఎడంగా పడితే పాట అంత నెమ్మది. ఇన్నేళ్ళూ పుల్లలు ఆమెవే అయినా వేగం మొగుడిది.

ఆవేళ సగం వేగంలో తాటించింది.

మొగుడు చిరాగ్గా తల తిప్పాడు. ఆమె ఆపలేదు. భుజం బరువంతా దించుతూ ఒక్కో దెబ్బే వేసింది. ఆడపడుచు కళ్ళు మూసుకుని లావుపాటి తీగనే మోగిస్తూ ఉండిపోయింది. అరల్లోని పాత డబ్బాలు గడగడలాడాయి. గుక్క తిప్పుకోకుండా అరిచే మొగుడికి మాటకీ మాటకీ మధ్య ఊపిరి దొరికింది. పాట బరువెక్కింది, మణికట్టు మాత్రం నొప్పెట్టలేదు. అమ్మయ్య, అనుకుందామె, ఏడుపొచ్చినంత పనైంది.

పాటయ్యాక మొగుడు గొంతు సవరించుకున్నాడు. కాస్త నెమ్మదిగా వాయిద్దామని తనెప్పట్నించో అనుకుంటున్నాడట!

"నా చెయ్యి పాడైంది. ఇకమీదట ఇదే వేగం. నచ్చకపోతే ఇంకొకణ్ణి చూసుకోండి" అందామె.

"అయితే ఇద్దర్ని చూసుకో అన్నయ్యా" అంది ఆడపడుచు, బేస్ దించకుండానే.

అతను వంగి వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. చిక్కులు పడేలా చుట్టాడు. పోన్లే, నేర్చుకుంటాడు అనుకుంది.

ఇంటికొచ్చాక బకెట్ చూపించింది. అత్తగారు నోరు తెరిచేలోపే అతను దుప్పటి అందుకున్నాడు. రెండు మెలికలకే ఆయాసపడుతూ, ఇంకా ఎన్నున్నాయని అడిగాడు.

ఆమె కుర్చీలో కాళ్ళు చాపుకుంది.

"తొందరేం లేదు. నెమ్మదిగానే పిండు."