తండ్రి వేషాల కళ్ళజోడు

నేను ఒక కళ్ళజోడుని. అద్దాలేవీ అని మాత్రం అడక్కండి, లేవు. లైటు పడితే అద్దం మెరుస్తుందని సినిమావాళ్ళు నన్ను కొన్నరోజే రెండద్దాలూ ఊడబెరికారు. మద్రాసులో ఒక చిన్న కొట్లో పుట్టాను. దళసరి గోధుమరంగు ఫ్రేము, గట్టి చేతులు. ఏ ప్లీడరుగారో నన్ను పెట్టుకుని పొద్దున్నే పేపరు చదువుకుంటారని ఆశపడ్డాను. నా నుదుట అది రాసిలేదు. కళ్ళజోడుకి నుదురెక్కడిది అంటారా? మనుషుల ముక్కు మీద కూర్చుని బతికినదాన్ని, వాళ్ళ మాటలే వస్తాయి మరి.

కొన్నాళ్ళు సామాను పెట్టెలో విగ్గులతో, తుప్పు పట్టిన కత్తులతో పడున్నాను. అక్కడినుంచి నన్ను పైకి తీసిన మనిషి పానకాలరావు గారు. తెనాలి నాటకాల్లో ముఖానికి రంగు పూసుకుని, సినిమాల కోసం మద్రాసు రైలెక్కినాయన. అప్పుడాయనకి ముప్పై నాలుగేళ్ళు. మొదటి వేషమే హీరోకి తండ్రి. ఆ హీరోగారు ఆయనకంటే ఆరేళ్ళు పెద్ద! జుట్టుకి తెల్లరంగు కొట్టి, నన్ను ముక్కుమీద పెట్టి, "ఒరే బాబూ" అని హీరోని పిలిపిస్తే ఎవరికీ నవ్వు రాలేదు. సినిమావాళ్ళ లెక్కలు అలా ఉంటాయి.

ఆ వేషం బాగుందన్నారు. అంతే, ఆయన నన్ను సామాను పెట్టెకి తిరిగివ్వలేదు. జడ్జీ, డాక్టరూ, హెడ్మాస్టరూ, పెళ్ళి ఆపేసే తండ్రీ, పెళ్ళి చేసే తండ్రీ, అన్నీ నాతోనే. గోడమీద దండ వేసిన ఫొటోలో కూడా నేనున్నాను, ఎన్నిసార్లో చెప్పలేను. బజార్లో జనం ఆయన్ని ఇట్టే పోల్చుకునేవాళ్ళు గానీ పేరు మాత్రం చెప్పలేకపోయేవాళ్ళు. "ఆయనేనండీ, కళ్ళజోడు పెట్టుకుని తండ్రి వేషాలేస్తాడే!" అనేవాళ్ళు. చూశారా, నా ప్రస్తావన లేకుండా ఆయన గుర్తు పూర్తి కాదు. నాకు కాస్త గర్వమే ఉండేది, ఎందుకు దాచాలి.

సినిమాలు హైదరాబాదు చేరాయి, మేమూ చేరాం. ఆయన భార్య కాలం చేసింది. ఆ తర్వాతే ఆయన గుమ్మాలకి భుజాలు కొట్టుకోవడం, ఎదుట పెట్టిన కాఫీ గ్లాసుని చేత్తో తోసెయ్యడం మొదలైంది. కంటి డాక్టరు నీటికాసులన్నాడు, ఇంగ్లీషులో గ్లకోమా అట. చుట్టుపక్కల చూపు అప్పటికే పోయింది, నడిమధ్య కొంచెం మిగిలింది. పోయింది ఇక రాదట. అద్దాలు పెట్టినా లాభం లేదట. ఆ మాట విన్నప్పుడు ఆయన జేబులో ఉన్నాను నేను. నాకు అద్దాలుంటే ఆయనకి పనికొచ్చేదాన్నని అప్పటిదాకా కుళ్ళుకునేదాన్ని. ఆ కుళ్ళు కూడా ఆరోజుతో పోయింది.

ఈ సంగతి తెలిసినవాడు ఒక్కడే, మేకప్ మాన్ నూకరాజు. విజయనగరం పక్కవాడు, పాతికేళ్ళుగా ఆయనకి రంగు పూస్తున్నవాడు.

"ఎవురికీ సెప్పకండి గురువుగారూ. తెలిసిందంటే ఏసం ఇవ్వరు. సెట్లో ఏటైనా అయితే ఎవుడు మోస్తాడని దడుసుకుంటారు," అన్నాడు.

"నేనేమన్నా చెప్పుకుంటా తిరుగుతానంట్రా? వేషం లేకపోతే ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను, గోడలతో మాట్లాడనా?" అన్నారాయన. ఆ గొంతులో భయం నాకు స్పష్టంగా తెలిసింది. చెవుల మీద ఉండేదాన్ని కదా, దవడ బిగుసుకుంటే ముందు నాకే తెలుస్తుంది.

రెండేళ్ళు ఒక్క పిలుపూ లేదు. ఆ తర్వాత కౌస్తుభ్ అనే కుర్ర దర్శకుడు కబురు పెట్టాడు. కథలో సగం తండ్రిదే. జడ్జీగా ఉండి సొంత కొడుక్కి తప్పుడు శిక్ష వేసిన తండ్రి. జైలునుంచి కొడుకు ఇంటికొస్తాడు, తండ్రి మేడమీదనుంచి దిగివచ్చి అతని ఎదుట నిలబడాలి. మొట్టమొదట తియ్యబోయేది ఆ సీనే.

"బాబాయ్, మొత్తం ఒకటే షాటు, కటింగ్ లేదు. మెట్లవైపు చూడొద్దు. కొడుకు మొహమే చూస్తూ దిగాలి," అన్నాడు కౌస్తుభ్.

"అట్టాగే నాయనా," అన్నారు పానకాలరావు గారు. ముక్కు మీద చెమట పట్టి నేను జారిపోయాను.

సెట్లో ఆ మెట్లు చూడండి, మీకే కళ్ళు తిరుగుతాయి. రెండు నిలువుల ఎత్తు మేడ, మెలి తిరిగిన చెక్కమెట్లు, వాటిమీద పల్చటి ముదురు గోధుమరంగు తివాచీ. కెమెరా క్రేను కోసం ఒకవైపు రెయిలింగు పెట్టలేదు. అటు కాలు జారితే కింద సిమెంటు నేలే. కొడుకు మొహం ఆయనకి కనపడుతుంది, ఆ మిగిలిన కాస్త చూపు సరిగ్గా అక్కడే ఉంది. మెట్లే కనపడవు.

నూకరాజు ఉపాయం ఆలోచించాడు. భోజనాల వేళ సెట్టు ఖాళీగా ఉంటే మెట్టు మెట్టుకీ అంచున తెల్లటి టేపు ముక్క అంటించాడు. గడ్డం కొంచెం దించితే చాలు, ఆ తెలుపు ఆయనకి దొరుకుతుంది. రెండుసార్లు ఎక్కి దిగారు. "పర్లేదురా, దిగిపోతాను," అన్నారు. నాకూ ధైర్యం వచ్చింది.

భోజనాలయ్యాక కెమెరామాన్ లెన్సులోంచి చూసి, "ఆ తెల్ల ముక్కలు ఎవడంటించాడ్రా?" అని కేకేశాడు. సెట్టు కుర్రాళ్ళు వాటిని పీకేశారు. ఆ సమయానికి ఆయన మేడమీద గదిలో మాటలు మననం చేసుకుంటున్నారు. నూకరాజు హీరో సుధాంశు ముఖానికి టచప్ చేస్తున్నాడు, కొడుకు వేషం అతనిదే. చెప్పాల్సిన పని ఉందని ఎవరికీ తెలియదు, ఎందుకంటే దాచిపెట్టింది మేమే.

"సైలెన్స్! రోల్ కెమెరా!"

పై మెట్టు మీదకి వచ్చాం. గడ్డం దించారు. తెలుపు లేదు. అంతా ఒకటే గోధుమ. కింద నూకరాజు మెట్లవైపు చూసి నోరు తెరిచాడు, అరవలేదు. కెమెరా తిరుగుతుండగా గొంతు విప్పినవాడికి మళ్ళీ ఆ యూనిట్లో చోటుండదు. పిరికివెధవ! అరవాల్సింది. ఇప్పటికీ నాకు వాడిమీద కోపమే.

"యాక్షన్!"

ఆయన తెనాలి నాటకాల మనిషి. తెర లేచాక ఆగడం నేర్పలేదు ఆయనకి. ఒక మెట్టు దిగారు. రెండో మెట్టు. మూడోదానికి కాలు అంచుదాటి గాల్లో ఊగి వెనక్కొచ్చింది. రెయిలింగు లేని వైపే అది. గుండె కొట్టుకోవడం నా చేతుల చివరలదాకా వినపడింది. "ఆగిపో తండ్రీ, చెప్పెయ్, ప్రాణంకంటేనా!" అని మొత్తుకున్నాను. కళ్ళజోడు మొర ఎవరు వింటారు?

"నీకు శిక్ష వేసింది నేనేరా..." అన్నారాయన. అది రాసిన మాటే. అప్పుడు నన్ను ముక్కుమీదనుంచి తీశారు. ఇన్నేళ్ళలో షాటు మధ్య నన్నెప్పుడూ తియ్యలేదు. చెయ్యి ముందుకి చాచి, వదిలేశారు.

టక్కున ఒక మెట్టుమీద పడ్డాను, ఇంకో మెట్టుకి ఎగిరిపడ్డాను, మరోదానికి. ఆయన తల ఒకవైపు వంచి ఆ చప్పుడు వింటున్నారు. మెట్టు ఎంత లోతో, ఎటు తిరిగిందో నా చప్పుడుతో కొలుచుకుంటున్నారు. ఎముకల్లేకపోయినా నాకు ఎంత నొప్పెట్టిందో చెప్పలేను. ఒక చెయ్యి పుటుక్కున విరిగింది. గోడవైపున ఆగిపోయాను.

"కాస్త ఆగరా అబ్బాయ్... జోడు కనపడట్లేదు," అన్నారు. ఈ ముక్క కాగితంలో లేదు. మెట్టుమీద కూర్చుని, చేత్తో తివాచీ తడుముకుంటూ, ఒక్కో మెట్టూ జరుగుతూ దిగుతున్నారు. అంత పెద్ద జడ్జీ నేలమీద పాకుతున్నాడు. కౌస్తుభ్ కట్ చెప్పలేదు.

కింద నిలబడాల్సిన సుధాంశు నిలబడలేకపోయాడు. మెట్లెక్కి వచ్చి, నన్నేరి ఆయన చేతిలో పెట్టి, మోచెయ్యి పట్టుకుని లేపాడు. "నేనొచ్చాగా నాన్నా," అన్నాడు. అదీ కాగితంలో లేదు.

"కట్!" అన్నాక సెట్టంతా చప్పట్లు. లైటుబాయ్‌లు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఇన్నేళ్ళ తండ్రి వేషాల్లో ఆయనకి చప్పట్లు పడటం అదే మొదలు.

"బాబాయ్, చంపేశారు! ఆ తడుముకోవడం ఎంత బాగా నటించారండీ! అచ్చం అలాగే ఇంకొక్కటి చేద్దాం, సేఫ్టీకి," అన్నాడు కౌస్తుభ్.

ఒప్పేసుకోవచ్చు. మెచ్చుకోలు మీదేసుకుని ఇంకోసారి పాకితే సరిపోతుంది. ఆయన నన్ను జేబులో పెట్టుకున్నారు.

"అది నటన కాదు నాయనా. నాకు కనపడదు. మీకు చెప్పకుండా వచ్చాను, తప్పు నాదే."

చప్పట్లు కొట్టిన చేతులన్నీ కిందికి దిగాయి. ప్రొడక్షన్ మేనేజరు దర్శకుడి చెవి దగ్గర చేరి, "ఏదైనా అయితే మన పీకమీదకొస్తుంది. వేరేవాళ్ళని చూద్దాం," అన్నాడు. గుసగుసే గానీ అందరికీ వినపడింది. నూకరాజు ఏడుస్తూ, "టేపు అంటించింది నానేనండి, అరవనిది నానేనండి," అన్నాడు. సుధాంశు మాత్రం ఆయన మోచెయ్యి వదల్లేదు.

"ఈ షాటు ఉంచుతున్నారా లేదా?" అని అడిగాడు కౌస్తుభ్‌ని.

"ఉంచకుండా ఎలా?"

"అయితే తండ్రి ఈయనే. మిగతా సీన్లలో చెయ్యి పట్టుకుని నేను నడిపిస్తాను. కొడుకునేగా."

కౌస్తుభ్ మేనేజరుకి ఆగమని చేత్తో సైగ చేసి, సరేనన్నాడు. ఆ వెంటనే అసిస్టెంటు అట్ట పుచ్చుకుని రాసుకున్నాడు: మెట్ల సీనులో కళ్ళజోడు విరిగింది, ఇక తండ్రికి కళ్ళజోడు లేదు. ఒక సీనుకీ ఇంకో సీనుకీ పొంతన తప్పకుండా చూసుకోవడం, కంటిన్యుటీ అంటారు దాన్ని. అలా నా ఉద్యోగం పోయింది. నూకరాజు మేకప్ పెట్టెలో, దూది పక్కన, ఒంటిచేత్తో పడుకున్నాను.

సినిమా వచ్చింది. నేను చూళ్ళేదు. ఆయన చెయ్యి పట్టుకుని ఆ కుర్రాడు నడిపించే సీన్ల గురించి మాత్రం విన్నాను. ఒకరోజు పొద్దున ఆయనింట్లో నూకరాజు పెట్టె తెరిచి ఉండగా ఫోన్ మోగింది. కొత్త దర్శకుడెవరో.

"వస్తానండీ. ముందే చెప్తున్నా, నాకు చూపు లేదు," అన్నారు పానకాలరావు గారు. వేషం ఒప్పుకునేటప్పుడే ఆ మాట చెప్పడం అదే మొదటిసారి.

"తెలుసు సార్, చూశాం," అంది అవతలి గొంతు, పెట్టెదాకా వినపడేట్టు. "జోడు మాత్రం పెట్టుకోవద్దండీ. మీకంత మంచి కళ్ళున్నాయని ఇన్నాళ్ళూ మాకు తెలీలేదు."

ఆయన పకపకా నవ్వారు. ఇన్నేళ్ళూ జనం నన్ను చూసి తండ్రి అనుకుని అక్కడే ఆగిపోయారన్నమాట, నన్ను దాటి ఆ కళ్ళదాకా ఒక్కరూ వెళ్ళలేదు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే అని చెప్పుకుంటున్నాను. నూకరాజు పెట్టె మూసి, ఆయన చెయ్యి పట్టుకుని ఆ దర్శకుడి దగ్గరికి బయల్దేరాడు.