జాకెట్ల లైను

హేరిమ్ నిద్రలో ఉండగానే సెక్యూరిటీవాళ్లు ఆమె కింది చాప లాగేశారు. నేను పక్క చాప మీద ఉన్నాను. విద్యార్థి భవనం కింది అంతస్తులోని ఆ గది రోజూ ఇంటి నుంచి వచ్చిపోయే మా అందరిదీ. నేల వెచ్చగా ఉంటుంది. తన ఊరు పోచన్‌లో బస్సెక్కి, రైలు మారి, మళ్లీ కాలేజీ బస్సు పట్టుకునే హేరిమ్ క్లాసుల మధ్య అక్కడే తిని నడుం వాల్చేది.

"లేమ్మా, కౌంటరుకి కొలతలు తియ్యాలి," అన్నాడు టేపు పట్టుకున్నవాడు.

గదిని కాఫీ కంపెనీకి ఇచ్చేశారని మాకు అప్పుడే తెలిసింది. విద్యార్థి వ్యవహారాల అధికారి మ్యోంగ్ గుమ్మంలో నిలబడ్డాడు.

"నిద్రొస్తే ఇంటికెళ్లి పడుకోండి. ఇది సత్రం కాదు."

"ఇల్లు రెండున్నర గంటల దూరం సార్. మీరు దింపుతారా?" అంది హేరిమ్.

"హాస్టల్లో చేరాల్సింది."

"అడిగితే, మీ ఊరు సియోల్ పక్కనేగా, రోజూ వచ్చిపోవచ్చు అన్నది మీరే."

మ్యోంగ్ టేపువాడికి గోడ చూపించాడు.

విద్యార్థి సంఘం సాయంత్రం మైదానంలో సభ పెట్టింది. సంఘం అధ్యక్షుడు తక్ హాస్టల్లో ఉంటాడు, అతనికి సాయంత్రమే వీలు. అతను మైకు అందుకునేసరికి మా చివరి కాలేజీ బస్సు వచ్చింది. అది పోతే రైలు పోతుంది, రైలు పోతే ఊరి బస్సు పోతుంది. ఒక్కొక్కరం లేచాం. మెట్ల మీద నుంచి చూస్తున్న మ్యోంగ్ నవ్వాడు.

మర్నాడు తక్ హేరిమ్‌ని నిలదీశాడు. "గది మీది, గొంతు చించుకునేది మేమా? బస్సు హారన్ వినబడితే చాలు, అందరూ మాయం."

"నీ మంచం వంద అడుగుల్లో ఉంది కాబట్టి నీకు పోరాటం తేలిక," అంది హేరిమ్.

మేమంతా కలిసి ఉండేది ఒక్క చోటే, పొద్దున రైల్వే స్టేషన్ బయట, కాలేజీ బస్సు లైన్లో. మా వాదనలన్నీ అక్కడే జరిగాయి. "గది కోసం పరీక్ష పోగొట్టుకోవాలా?" అని ఒకడు. "నువ్వు మెట్ల మీద కూర్చుని తిను, మాకెందుకు చెప్తావ్," అని ఇంకొకతె. మొదటి సంవత్సరం దాన్‌బి తినడానికి కింబాప్ కొనుక్కుని తిరిగొచ్చింది. లైన్లో ఆమె చోట ఆమె చలి జాకెట్ పరిచి ఉంది, వీపు మీద నర్సింగ్ విభాగం పేరుతో. మాలో ఎవరు పక్కకు వెళ్లినా అలాగే పరిచి వెళ్తారు. దాన్ని ఎవరూ జరపరు, దాటరు.

"అక్కా, నాకంటే నా జాకెట్టే నయం," అంది దాన్‌బి. "దానికి అందుకోవాల్సిన బస్సు లేదు."

హేరిమ్ నవ్వలేదు. జాకెట్ వైపే చూసింది.

ఆ సాయంత్రం గది గుమ్మం నుంచి కాలేజీ అధ్యక్షుడి కార్యాలయం తలుపు దాకా జాకెట్లు పరిచాం. డిసెంబరు నెల. చొక్కాలతో బస్సెక్కాం. రైల్లో జనం మమ్మల్ని చూశారు. జాకెట్లు ఎందుకు వదిలొచ్చామో వణుకుతూనే చెప్పాం.

పొద్దున వచ్చేసరికి జాకెట్లు లేవు. మ్యోంగ్ మనుషులు సంచుల్లో కుక్కి చెత్త షెడ్డు వెనక పడేశారు. వరుస చివర, గది గుమ్మం దగ్గర, తక్ చొక్కాతో నిలబడి ఉన్నాడు.

"నీకేం పనిక్కడ? నీకు హాస్టల్లో గదుందిగా," అన్నాను.

"మీరెళ్లాక చివర్న నాదీ పరిచాను. దాన్నీ పారేశారు."

జాకెట్లు ఉన్న చోట మేం నిలబడ్డాం. కాఫీ కంపెనీవాళ్లు కౌంటరు దింపారు. గదిలోకి తీసుకెళ్లడానికి దారి లేదు.

"క్లాసులకి పొండి," అన్నాడు మ్యోంగ్.

"లైన్లో ఉన్నాం సార్," అంది హేరిమ్.

"దేనికి లైను?"

"గదికి. మా కంటే వెనకొచ్చినవాళ్లకి ముందు ఎలా ఇచ్చారో కాలేజీ అధ్యక్షుడు చెప్పేదాకా."

పోలీసులు వచ్చారు. మ్యోంగ్ హేరిమ్ వైపు వేలు చూపించాడు. "అదే, ముందున్నది. దాన్ని తీస్తే మిగతావాళ్లు పోతారు."

ఇద్దరు ఆమెను చేతులు పట్టి లాగారు. హేరిమ్ వెనక్కి తిరిగి దాన్‌బితో, "ఖాళీ ఉంచకు," అంది.

ముందున్నవాళ్లు వెళ్తే వెనకవాళ్లు జరగాలి. అది మాకు రోజూ అలవాటే. దాన్‌బి ఒక అడుగు వేసి కార్యాలయం తలుపు ముందు నిలబడింది. ఆమె వెనక నేను. నా వెనక పరీక్ష గురించి అడిగినవాడు. చిట్టచివర తక్, అతని వెనక హాస్టల్ నుంచి అప్పుడే దిగి వస్తున్నవాళ్లు.

"ఇప్పుడు ముందున్నదెవరు?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"నేను," అంది దాన్‌బి. "నా తర్వాత చాలామంది ఉన్నారు."